మొదటి కార్డు

"నిన్న మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకి ఎక్కడున్నావు?"

"మా అమ్మ తాన ఉన్న మేడం. ఇది మూడోసారి చెప్తున్న."

"నాలుగోసారి కూడా చెప్పు. అమ్మ ఎక్కడుంది?"

"బాగ్ లింగంపల్లిల కొత్త బిల్డింగు కడ్తున్నరు, ఆడ స్లాబ్ పని. ఒంటిగంటకు పోయిన. ఆమె సద్దిల నుంచి ఇంత తిన్న. రెండున్నరకు లేసిన."

"చూసినవాళ్ళు?"

"అమ్మ చూసింది. పీరయ్య తాత చూసిండు. ఇంకో పదిమంది కూలోళ్ళు చూసిన్రు. ఎస్సై సారు వాళ్ళ మాట లెక్కల్నే పెట్టుకుంటలేడు."

దమయంతి బెంచీ మీద నుంచి లేచింది, రెండడుగులు వేసింది, మళ్ళీ వచ్చి కూర్చుంది. పొద్దున్నించీ ఆవిడకి ఇదే వరస. కూర్చుంటే తోచదు, లేస్తే ఎక్కడికి పోవాలో తెలీదు. పోలీస్ స్టేషన్ గోడ గడియారం పావు తక్కువ పదకొండు చూపిస్తోంది. సాయంత్రం నాలుగింటికి ఈ పిల్లని మేజిస్ట్రేట్ ముందు పెడతారు. పెట్టారా, అంతే సంగతులు.

దమయంతికి యాభై నాలుగేళ్ళు. చిక్కడపల్లి లైబ్రరీలో ఇరవై రెండేళ్ళు పుస్తకాలకి నంబర్లు వేసి, ఆ ఉద్యోగానికి దణ్ణం పెట్టి నారాయణగూడలో ఓ మేడమీద గదికి డిటెక్టివ్ బోర్డు తగిలించిన నాడు చుట్టాలందరూ బుగ్గలు నొక్కుకున్నారు. నొక్కుకోనీ! ఆ బోర్డు చూసే కదా నిన్న సాయంత్రం మాసమ్మ సిమెంటు ఆరని చేతులతో మెట్లెక్కి వచ్చింది. "నా బిడ్డను పట్కపోయిన్రమ్మా" అని గుమ్మంలోనే కూలబడింది.

జరిగింది ఇది. అశోక్‌నగర్‌లో 'విద్యాలత' అని ఒక స్టడీ సెంటరుంది. పోటీ పరీక్షలకి చదివే పిల్లలు రెండొందలమంది పొద్దున అయిదింటి నుంచి అక్కడే పడుంటారు. పై అంతస్తులో మూడో నంబరు గది వీరరాఘవరావు మాస్టారిది. డెబ్భై ఏళ్ళాయన, చరిత్ర చెపుతారు. నిన్న మధ్యాహ్నం ఆ గదిలోనే ఎవరో ఆయన తల పగలగొట్టారు. నారాయణగూడ ఆస్పత్రిలో ఇప్పటికీ స్పృహ లేదు. ఆ గది తలుపు కార్డు పెడితేనే తెరుచుకుంటుంది. రెండింటికీ రెండుంబావుకీ మధ్య ఎవరి కార్డుతో తెరుచుకుందీ అని కంప్యూటర్ని అడిగితే, అంబిక అని చెప్పింది, ఫొటోతో సహా.

"మాస్టారితో ఎందుకు గొడవ పెట్టుకున్నావు?" అంది దమయంతి.

"గొడవ కాదు మేడం." అంబిక చున్నీ కొసని వేలికి చుట్టి విప్పి మళ్ళీ చుట్టింది. "నా ఒరిజినల్ సర్టిఫికెట్లు సార్ బీరువాల ఉన్నయ్. హాస్టల్ల పెట్టుకుంటె పోతయని మేమందరం సార్ తాన్నే పెడ్తం. రేపు పొద్దుగాల పదింటికి నాకు సర్టిఫికెట్ వెరిఫికేషన్. నిన్న పన్నెండున్నరకు అడిగిన. 'చాబీ ఇంట్ల మర్చిపోయిన బిడ్డా, సాయంత్రం ఇస్త' అన్నడు. నాకు పరేషాన్ అయ్యి జర గట్టిగ మాట్లాడిన. అందరు విన్నరు."

"ఇప్పుడా బీరువాకి పోలీసులు సీలు వేశారు."

"అవ్ మేడం." ఆ పిల్ల చున్నీ కొసని వదిలేసింది. "నాలుగేండ్లు చదివిన. మా అమ్మ నెత్తి మీద తట్ట దించి ఆఫీసరమ్మ తల్లి అనిపించుకోవాలె అనుకున్న. రేపు పదింటికి నేను లేకపోతే ఆ పోస్టు వెనకోళ్ళకు పోతది. ఇంక నాకు వయసు లేదు, ఇంకో నోటిఫికేషన్ లేదు."

దమయంతి దగ్గరికి జరిగింది. "మాస్టారికి ఎవరితోనైనా పడదా?"

"సార్‌కు అందరితోని మంచిగనే ఉంటది. కాని మొన్న ఒక మాట అన్నడు. 'నా నోట్సు ఎవడో వాని పేరు మీద అచ్చేస్తుండు, వాని సంగతి చూస్త' అని. ఎవడో చెప్పలే."

అప్పుడే వచ్చాడు రాఘవేందర్. ఎస్సై. ముప్పై అయిదు దాటలేదు, నడకలో మాత్రం రెండు ప్రమోషన్ల ముందే ఉంటాడు. పోయినేడు ఒక కేసులో దమయంతి తనకంటే ఆరుగంటలు ముందు దొంగని పట్టుకుందన్న మంట ఇంకా చల్లారలేదు.

"ఏంది లైబ్రరీ మేడం, ఆడపిల్లను నవ్వించడానికి వచ్చిన్రా, ఏడిపించడానికి వచ్చిన్రా?"

"నీ కాయితం ఒకసారి చూపించు నాయనా, నేనూ నవ్వుకుంటాను."

అతను ఫైల్లోంచి ప్రింటు తీసి బల్ల మీద పడేశాడు. తేదీ. మూడో తలుపు. రెండు నుంచి రెండుంబావు. అంబిక పేరు, ఫొటో. కింద మూలన, చీమ తలకాయంత అక్షరాల్లో ఇంకో ముక్కుంది. వరుస సంఖ్య: 1.

ఇరవై రెండేళ్ళు పుస్తకం అట్ట కంటే ముందు మూలనున్న నంబరు చూసిన కళ్ళవి. అక్కడే ఆగిపోయాయి.

"రాఘవేందర్, ఆ సెంటర్లో రోజుకి ఎంతమంది కార్డులు పెడతారు?"

"రెండు వందలు. మూడు వందలు. నాకేం ఎర్క?"

"మరి మధ్యాహ్నం రెండింటికి పెట్టిన కార్డు ఒకటో నంబరు ఎలా అయింది?"

"ఆ గదికి ఒకటో నంబరేమో. ఆ పేజీకి ఒకటో నంబరేమో. మేడం, కంప్యూటర్ చెప్పింది, ఫొటో ఇచ్చింది, కొట్లాడింది వంద మంది విన్నరు. నాలుగింటికి మేజిస్ట్రేటు. మీరు నంబర్లు లెక్కబెట్టుకోండ్రి."

దమయంతి అప్పటికే మెట్లు దిగుతోంది.

* * *

పదకొండున్నరకి విద్యాలతలో ఫణికిరణ్ ఎదురొచ్చాడు. సెంటరు అతనిదే. నలభై ఏళ్ళుంటాయి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నిన్నటి చొక్కానే వేసుకున్నాడు. రాత్రంతా ఆస్పత్రిలోనే ఉన్నానన్నాడు.

"మాస్టారి గది తలుపు బెల్లు మోగిందట, ఎన్నింటికి?" అంది దమయంతి, కూర్చోమన్నా కూర్చోకుండా.

"కరెక్టుగా రెండూ పదికండీ. ఆ తలుపు ఒక నిమిషం మించి తెరిచి ఉంటే మోగుతుంది. కింద ఆఫీసులో ఉన్నాను. పిల్లలు గోల పెడుతుంటే రెండూ పన్నెండుకి పైకెళ్ళాను. తలుపు బార్లా తీసుంది. మాస్టారు నేలమీద..." అతను మాట మింగేశాడు. "నాకు పాఠాలు చెప్పిన మనిషండీ. నూట ఎనిమిదికి నేనే ఫోన్ చేశాను. రెండూ నలభైకి వచ్చారు."

"పన్నెండు నుంచి నలభై దాకా ఏం చేశారు?"

"ఏం చేస్తాను? పైకీ కిందకీ పరిగెత్తాను. అంబులెన్సుకి దారి చెప్పాను."

"అంబిక కొట్టిందంటే నమ్ముతారా?"

"నమ్మబుద్ధి కాదండీ. రోజూ అందరికంటే ముందు వచ్చి గేటు దగ్గర నిలబడే పిల్ల. కానీ కంప్యూటర్ చెపుతోంది కదా. దానికేం పగ?" తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టాడు. "మీరు ఏం చూడాలన్నా చూసుకోండి. కంప్యూటర్ పాస్‌వర్డు స్క్రీను కిందే చీటీ అంటించి ఉంది. నేను ఆస్పత్రికి వెళ్ళాలి, మాస్టారి దగ్గర ఎవరూ లేరు."

ఈ రోజుల్లో ఇలాంటి శిష్యుడు దొరకడం కష్టమే అనుకుంది దమయంతి. ఆ మాట పైకి కూడా అనేసింది. అంతటితో ఊరుకోలేదు. "కొట్టినవాడు మళ్ళీ రావచ్చు బాబూ. మీరు అక్కడే ఉండండి. ఆయన గదిలోకి ఎవర్నీ రానివ్వకండి. ఎవరేమన్నా నా పేరు చెప్పండి," అంది.

"అలాగేనండీ," అన్నాడతను. బండి స్టార్టయిన చప్పుడు వినపడింది.

పైన మూడో గది ముందు కానిస్టేబుల్ కుర్చీలో కునుకు తీస్తున్నాడు. దమయంతి తాళాల గుత్తిలో వేలాడుతున్న కార్డు పెడితే తలుపు తెరుచుకుంది. లోపలికి వెళ్ళి వదలగానే స్ప్రింగు లాగి దానంతటదే టప్పున మూసుకుంది. మళ్ళీ తీసింది, వదిలింది. మళ్ళీ మూసుకుంది. కానిస్టేబుల్ కళ్ళు తెరిచి, "ఏం చేస్తున్నరమ్మా?" అన్నాడు.

"ఈ తలుపు దానంతటది తెరుచుకుని ఉండదు కదా బాబూ. మరి నిన్న బెల్లు మోగేదాకా ఎలా తెరిచి ఉంది?"

అతను తలుపుకేసి చూశాడు, ఆవిడకేసి చూశాడు, కుర్చీ సర్దుకున్నాడు.

దమయంతి నేలమీద మోకాళ్ళేసింది. నడుము కలుక్కుమంది. తలుపు వెనక, పుస్తకాల అరకీ గోడకీ మధ్య నాలుగు మడతలు పెట్టిన దళసరి కాయితం ఒకటి ఇరుక్కుని ఉంది. నిన్న ఎవరి బూటు కాలో తన్నేసి ఉంటుంది. మడత మీద తలుపు అంచు నొక్కిన నల్లటి గీత స్పష్టంగా ఉంది. విప్పింది. నున్నటి అట్ట, పుస్తకానికి వేసే రంగుల ముఖచిత్రం. 'తెలంగాణ చరిత్ర, పోటీ పరీక్షల నోట్సు' అని పేరు. రచయిత పేరు ఉండాల్సిన కింది ముక్కని ఎవరో అడ్డంగా చింపేశారు.

కొట్టి పారిపోయేవాడికి తలుపు మూసుకుంటే మంచిదే కదా? సాయంత్రం దాకా ఎవరికీ తెలీదు. వీడు పనిగట్టుకుని అట్ట మడిచి తలుపు కింద దోపాడు. బెల్లు మోగాలనే మోగించాడు. రెండూ పదికి అందరూ వినాలి, ఆ టైము అందరికీ గుర్తుండాలి. ఎందుకని? ఆ టైముకి తను వేరేచోట ఉన్నట్టు కనపడాలని!

కింద ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునేసరికి పన్నెండూ ముప్పావు. కార్డులు వెతికే తెర సులువుగానే ఉంది. తేదీ, తలుపు, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా. నిన్న, మూడో తలుపు, రెండు నుంచి రెండుంబావు అని కొట్టింది. అంబిక. వరుస సంఖ్య 1.

ఒకటో నంబరు ఆవిడని ఊరికే వదల్లేదు. పన్నెండు నుంచి పన్నెండుంబావు అని కొట్టింది. అంబిక. ఒకటి.

రెండో తలుపు, తొమ్మిది గంటలు. అంబిక. ఒకటి.

"అమ్మో," అంది దమయంతి పైకే. కుర్చీలోంచి లేచి గదంతా ఒక చుట్టు తిరిగి వచ్చింది. ఈసారి మూడో తలుపు, సాయంత్రం ఆరున్నర నుంచి ఏడు అని కొట్టి, ఫోన్ తీసి రాఘవేందర్‌కి కలిపింది.

"నిన్న సాయంత్రం బీరువాకి సీలు ఎన్నింటికి వేశావు?"

"ఆరూ నలభై. ఎందుకు?"

"తలుపు ఎవరి కార్డుతో తీశావు?"

"ఫణికిరణ్ కార్డుతోని. ఆయన్నే తీసిండు."

"అప్పటికి అంబిక ఎక్కడుంది?"

"అయిదింటికే పట్కొచ్చినం గద, స్టేషన్ల ఉంది. ఏంది మేడం ఇది?"

"ఆరూ నలభైకి నీతోపాటు ఆ తలుపు తీసింది అంబికేనట. నీ కంప్యూటర్ చెపుతోంది, ఫొటోతో సహా. వచ్చి చూసుకో."

* * *

పావుగంటలో ఊడిపడ్డాడు రాఘవేందర్. తెరకేసి చూశాడు. తనే రెండుసార్లు కొట్టి చూశాడు. మొహంలో రంగులు మారాయి. కానీ ఓటమి ఒప్పుకునే రకమా?

"సరే, కంప్యూటర్ ఖరాబైంది. అయితే ఏంది? ఆ పిల్ల కొట్టలేదని ఎట్ల అయితది?"

"కొట్టిందని ఎలా అవుతుందో నువ్వు చెప్పు! నీ దగ్గరున్న సాక్ష్యమల్లా ఈ తెరే కదా?"

"కొట్లాట ఉంది. బీరువ ఉంది."

"బీరువా తెరవనే లేదు కదయ్యా! సర్టిఫికెట్ల కోసం కొట్టిన పిల్ల సర్టిఫికెట్లు తీసుకోకుండా, తలుపు కింద అట్ట దోపి, బెల్లు మోగించి, బాగ్ లింగంపల్లి వెళ్ళి అన్నం తిందా?" అట్ట అతని చేతిలో పెట్టింది. "నీ వాళ్ళు కాలితో తన్నేసిన సాక్ష్యం. నేను మోకాళ్ళు అరగదీసుకుని వెతికాను."

రాఘవేందర్ ఆ అట్టని అటూ ఇటూ తిప్పాడు. "మంచిది. అసలోడు ఎవడో చెప్పుండ్రి. నాలుగింటి దాకా టైముంది. నాలుగు దాటితే నా చేతుల లేదు."

ఒకటింబావుకి దోమలగూడ నుంచి ఆటోలో ఆమని దిగింది. ఈ కార్డుల ప్రోగ్రాము రాసిన అమ్మాయి. దమయంతి ఫోన్లో అడిగినప్పుడే హడలిపోయింది, ఇప్పుడు పోలీసుని చూసి ఇంకా బిగుసుకుపోయింది. లాప్‌టాప్ తెరిచి, సెంటరు కంప్యూటర్లోకి వెళ్ళి, అయిదు నిమిషాలు ఏదో వెతికి, వెనక్కి వాలింది.

"నా ఫైలు లేదు మేడమ్. ఎవరో తీసేశారు. నిన్న మధ్యాహ్నం రెండూ ముప్పై ఒకటికి, ఇదే కంప్యూటర్లో."

"జర తెలుగుల చెప్పమ్మా," అన్నాడు రాఘవేందర్. "ఏం ఫైలు?"

ఆమని దమయంతి వైపు తిరిగింది. "మీరు లైబ్రరీలో చేసేవారన్నారు కదా. లోపలి గదిలో ఉన్న పుస్తకం కావాలంటే ఏం చేసేవారు?"

"చీటీ రాసి లోపలికి పంపేవాళ్ళం."

"ఆ చీటీ రాసిపెట్టే గుమస్తా లాంటిది నా ప్రోగ్రాములో ఒకటుంటుంది. ఓఆర్‌ఎమ్ అంటాం. 'మూడో తలుపు, రెండింటికి ఎవరు' అని నేను నా పద్ధతిలో అడుగుతాను. అది దాన్ని చీటీగా మార్చి అవతలి యంత్రానికి పంపిస్తుంది. అక్కణ్ణుంచి వచ్చిన జవాబుని మళ్ళీ నాకు అర్థమయ్యేలా పేరూ ఫొటోగా మార్చి ఇస్తుంది. దాన్ని నేను రాయలేదు, ఎవరో రాసిపెడితే అందరూ వాడుకునే ముక్క అది. లోకంలో యంత్రాలన్నీ మర్యాదగా ఒకే రకం చీటీ చదువుతాయని నమ్మి రాశారు."

"ఈ తలుపుల యంత్రం చదవదా?"

"ఇది తిక్కది మేడమ్. తేదీ ఒక్కటే మామూలుగా చదువుతుంది. తలుపు నంబరూ, టైమూ వేరే కవర్లో, అది పెట్టుకున్న పేర్లతో, దాని లెక్కలో పంపాలి. అలా పంపకపోతే 'నాకు తెలీలేదు' అనదు. ఆ రోజు కార్డులన్నీ పొద్దుటి నుంచి వరసగా కట్ట కట్టి ఇచ్చేస్తుంది. పాపం ఓఆర్‌ఎమ్‌కి ఏం తెలుసు? అడిగిందే వచ్చిందనుకుని, కట్టలో పైనున్నది తీసి చూపిస్తుంది."

"పైనున్నదంటే?"

"ఆ రోజు అందరికంటే ముందు కార్డు పెట్టినవాళ్ళు."

దమయంతి కిటికీలోంచి గేటుకేసి చూసింది. ఫ్యాను కింద సీటు దొరకాలని పొద్దున అయిదింటికి గేటు తీయకముందే వచ్చి నిలబడే పిల్ల. అంబిక చేసిన నేరమల్లా రోజూ అందరికంటే ముందు వచ్చి చదువుకోవడమే.

"అందుకని ఓఆర్‌ఎమ్ చీటీ రాసే పద్ధతినే ఈ ఒక్క యంత్రం కోసం మార్చి, విడిగా ఒక ఫైలు రాసిపెట్టాను," అంది ఆమని. "ఈ యంత్రం సంగతి అడిగితే మాత్రం ఇలా రాయి, ఇలా కవర్లో పెట్టు అని. రెండేళ్ళుగా బాగానే నడిచింది. ఆ ఫైలు తీసేస్తే మళ్ళీ మొదటికొస్తుంది."

"యంత్రంలో ఉన్న అసలు కార్డుల జాబితా?"

"అది ఎవరూ చెరపలేరు మేడమ్. గోడలోనే ఉంటుంది."

"అదీ సంగతి. జవాబు చెరపలేక, అడిగే పద్ధతి చెరిపాడు. మళ్ళీ రాయగలవా?"

"పాత కాపీ నా దగ్గర లేదు. గుర్తున్నంతవరకు రాస్తాను. గంట పట్టొచ్చు."

ఆ గంట దమయంతి ఎలా గడిపిందో ఆవిడకే తెలీదు. కిటికీ దగ్గరికి వెళ్ళింది, గుమ్మం దగ్గరికి వెళ్ళింది, తెచ్చిన టీ తాగడం మరిచిపోయింది. రోడ్డవతల మాసమ్మ పని మానేసి వచ్చి మెట్టు మీద కూర్చుని ఉంది. దమయంతి కిటికీలో కనపడిన ప్రతిసారీ ఆమె కళ్ళు పైకి లేస్తున్నాయి. రాఘవేందర్ కుర్చీ వెనక్కి వాల్చి ఫోన్ చూసుకుంటున్నాడు గానీ, అతని కాలు ఆగకుండా ఊగుతూనే ఉంది.

రెండూ ఇరవైకి ఆమని మీట నొక్కింది. తెర మీద ఒకటే ముక్క వచ్చింది. 'ఎవరూ లేరు.'

"ఏంది, దయ్యం కొట్టిందా?" అన్నాడు రాఘవేందర్.

"నువ్వు కాసేపు నోరు మూసుకో!" దమయంతి కసిరింది.

ఆమని పెదవి కొరుక్కుంది. "తలుపు సరిగ్గానే పంపాను. కవరు సరిగ్గానే ఉంది. టైములోనే ఏదో... ఇది గంటలు చదవదు, ఇంకేదో లెక్క. అప్పుడు చాలా అవస్థపడి కనుక్కున్నాను. గుర్తు రావడం లేదు మేడమ్." ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"కంగారు పడకు తల్లీ. ఇంకా టైముంది," అంటూ దమయంతి చేతి గడియారం చూసుకుంది. "నాలుగింటికి ఇంకా నూరు నిమిషాలుంది."

"నిమిషాలు!" ఆమని గబుక్కున నిటారుగా కూర్చుంది. "అర్ధరాత్రి నుంచి ఎన్ని నిమిషాలయిందో లెక్కేస్తుంది మేడమ్ ఇది! రెండు గంటలంటే ఎనిమిదొందల నలభై. రెండుంబావంటే ఎనిమిదొందల యాభై అయిదు." వేళ్ళు టకటకా ఆడాయి.

"ఆమనీ," అంది దమయంతి, ఏదో తట్టినట్టు. "ఆ ఫైలు తీసేస్తే మొదటివాళ్ళ పేరే వస్తుందని నీకు కాక ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు మేడమ్. అంటే..." చెయ్యి మీట మీదే ఆగింది. "పెట్టిన కొత్తలో, ఆ ఫైలు రాయకముందు, వారం రోజులు ఎవర్ని అడిగినా ఒక్కరి పేరే వచ్చేది. సారు నన్ను చెడామడా తిట్టారు. అప్పుడు ఇప్పుడు మీకు చెప్పినట్టే ఆయన్ని కూర్చోబెట్టి అంతా చెప్పాను."

"ఏ సారు?"

ఆమని మీట నొక్కింది. తెర మీద రెండు వరసలు వచ్చాయి.

రెండూ మూడు, వీరరాఘవరావు. వరుస సంఖ్య 316.

రెండూ ఆరు, ఫణికిరణ్. వరుస సంఖ్య 317.

బెల్లు మోగాక, రెండూ పన్నెండుకి, తెరిచి ఉన్న తలుపులోంచి వెళ్ళానన్న మనిషి! దానికి ఆరు నిమిషాల ముందే తన కార్డుతో లోపలికి వెళ్ళాడు. రెండూ తొమ్మిది లోపల పని కానిచ్చి, తలుపు కింద అట్ట దోపి, ఆఫీసులోకి దిగి బెల్లు కోసం కాచుకున్నాడు. ముఖచిత్రం మీద చింపుకుపోయిన పేరు ఎవరిదో ఇంక ఎవరూ చెప్పక్కర్లేదు.

"అంబికని వదిలెయ్ రాఘవేందర్," అంది దమయంతి. "బీరువా సీలు తియ్. ఆ పిల్ల కాయితాలు దాని చేతికియ్."

రాఘవేందర్ లేచి నిలబడ్డాడు. మొదటిసారి అతని మాటలో వెటకారం లేదు. "నాకు నమ్మకం కుదిరింది మేడం. కాని రేపు వాని వకీలు ఏమంటడు? ఈ కంప్యూటర్ నిన్న అబద్ధం చెప్పిందని మీరే చూపిస్తిరి. ఇయ్యాల ఒకమ్మాయి గంటసేపు ఏదో రాసినంక చెప్పింది నిజమెట్ల అయితదంటడు. ఆ పిల్లను నాలుగింటి లోపల విడిపించాలె అంటే నాకు మనిషి నోటి మాట గావాలె. మాస్టారు కండ్లు తెరిచి ఒక్క పేరు చెప్తె చాలు, నేనే సీలు తీసి..."

అతను మాట పూర్తి చేయలేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పదకొండూ ముప్పావుకి ఈ ఆఫీసులోనే నిలబడి తను అన్న మాట దమయంతి చెవుల్లో మోగింది. ఆస్పత్రికి ఫోన్ కలిపింది. రాఘవేందర్ అప్పటికే బండి తాళాలు తీసుకుని గుమ్మం దాటుతున్నాడు.

మూడు రింగులకి నర్సు ఎత్తింది.

"వీరరాఘవరావు మాస్టారు ఎలా ఉన్నారమ్మా?"

"శుభవార్తండీ! పావుగంటయింది, కళ్ళు తెరిచారు. ఏదో చెప్పాలని చూస్తున్నారు కూడా. డాక్టర్ గారికి కబురు చేశాం."

"ఆయన పక్కన ఎవరున్నారు?"

"వాళ్ళ శిష్యుడేనండీ, రాత్రి నుంచీ ఆయనే ఉన్నారు. ఇప్పుడే మా అందర్నీ బయటికి పంపించి లోపల గడియ పెట్టుకున్నారు." నర్సు గొంతు తగ్గించింది. "నేను కాదన్నానండీ. కానీ ఎవర్నీ రానివ్వొద్దని దమయంతి గారు గట్టిగా చెప్పారట. ఆవిడెవరండీ, మీకేమన్నా తెలుసా?"